అత్తగారి నాలుగో తలుపు

ఆయన్ని వీధిలో అందరూ అద్దాలాయన అంటారు. కళ్లజోళ్ల షాపులో ముందు గదిలో నిలబడి నవ్వుతూ ఫ్రేములు చూపించే మనిషి కాదు. వెనక గదిలో, నీళ్లు కారుతూ తిరిగే చక్రం ముందు చిన్న స్టూలు మీద కూర్చుని, గుండ్రటి అద్దాన్ని ఫ్రేముకి సరిపోయేలా అరగదీసే మనిషి. ఇరవై రెండేళ్లుగా అదే చక్రం, అదే స్టూలు. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దం ఫ్రేములో కూర్చోదు. ఆయన చేతిలో ఆ తేడా వచ్చిన రోజు లేదు. చీటీలో డాక్టరు ఏం రాస్తే అదే. రాసినవాడు పొరపడ్డాడేమో అని అనుమానించడం ఆయన పని కాదు. ఆ కళ్లు ఎవరివో, ఏం చూడాలనుకుంటున్నాయో కూడా ఆయనకి తెలియదు. చీటీ వస్తుంది, అద్దం వెళుతుంది, అంతే.

ఇంత నిబ్బరమైన చేతులిచ్చిన దేవుడు గుండెకాయ దగ్గరికి వచ్చేసరికి పరధ్యానంలో పడి పిచ్చుకకి పెట్టాల్సింది తెచ్చి ఈయనకి పెట్టాడు. కుక్క అరిస్తే వీధి మారతాడు. లిఫ్టులో ఒంటరిగా ఎక్కడు. సినిమాలో తలుపు కిర్రుమంటే చాలు, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటాడు. మైనస్ ఆరు పవరు. జోడు తీస్తే దెయ్యమైనా పెళ్లికూతురైనా ఒక తెల్ల మచ్చే. ఈ ఉపాయం పదేళ్ల వయసులోనే కనిపెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న భార్య కూడా, పాపం, సినిమాకి వెళ్లినప్పుడల్లా ఆయనకి కళ్లు మండుతాయనే అనుకునేది.

ఆయన భయాలన్నీ వరసగా నిలబెడితే అన్నిటికంటే ముందు నిలబడేది అత్తగారు.

అత్తగారు ముప్ఫై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. అరవైమంది ప్రయాణికుల్ని ఒక్క ఈలతో నోరు మూయించిన మనిషి. బస్సు దిగినా బస్సు ఆవిణ్ణి దిగలేదు. సోఫాలో ఓ మూల ఒదిగి కూర్చున్న అల్లుణ్ణి చూసి, “ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది,” అంటారు. అల్లుణ్ణి ఏనాడూ ఏకవచనంలో పిలవలేదు. మర్యాదకేం లోటు లేదు. కాకపోతే టికెట్టు తీసుకోని పెద్దమనిషికి ఎంత మర్యాద ఇస్తారో అంత.

ఆవిడ అరుస్తారని ఆయన భయం కాదు. అరవరని భయం. మావయ్యగారు బతికున్న రోజుల్లో ఒకసారి ఆవిడ ఈలని ఆయన ఎక్కడో పెట్టి పోగొట్టారట. పాతికేళ్లు నోట్లో నానిన ఈల. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఒక్క మాట కూడా అనకుండా పదకొండు నెలలు గడిపారు. “అరిచినా బాగుండేది,” అని మావయ్యగారు కనిపించిన వాళ్లందరి దగ్గరా వాపోయేవారని అద్దాలాయన భార్య చాలాసార్లు నవ్వుతూ చెప్పింది. ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు.

ఇక ఆట సంగతి. ఆర్నెల్ల కిందట అత్తగారికి మోకాలి ఆపరేషను జరిగింది. చూసుకోవడానికి కూతురూ అల్లుడూ ఆవిడ ఫ్లాటుకే మకాం మార్చారు. ఆరు వారాలు కదలొద్దన్నాడు డాక్టరు. కదలొద్దంటే ఊరుకునే మనిషా? రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే కూతురు, తనతో పనిచేసే ఒకామె అమ్మేస్తుంటే ఓ వీడియో గేము పెట్టె కొనుక్కొచ్చింది. దాంతోపాటు ఆట ఒక్కటే వచ్చింది. చీకటి కోట. అందులో ఏడు తలుపులు. తలుపుకి కాపలాగా ఓ బాసు. ఒక్కో బాసుని పడగొడితేగాని తలుపు తెరుచుకోదు. ఆరు వారాల తర్వాత మోకాలు లేచింది గాని ఆవిడ మాత్రం టీవీ ముందునుంచి లేవలేదు.

“ముప్ఫై ఏళ్ల సర్వీసులో బాసుల్ని చూడనిదాన్నా?” అనేవారు. ఆ బాసులకి ఆటలో ఉన్న పేర్లు పలకడానికి ఆవిడకి నోరు తిరగదు. తన పేర్లు తనే పెట్టుకున్నారు. మొదటి తలుపు దగ్గర పొడుగు కోటు వేసుకుని, లాంతరు పట్టుకుని చీకట్లోంచి హఠాత్తుగా మీద పడేవాడు చెకింగాయన. రెండో తలుపు ముందున్న వంతెన కింద వేలాడుతూ కాళ్లు పట్టి లాగే ఇద్దరూ ఫుట్‌బోర్డు కవలలు. మూడో తలుపు దగ్గర పెద్ద సంచీలో చెయ్యి పెట్టి వెతుకుతూ, దొరికింది దొరికినట్టు మొహాన విసిరే ముసలిది చిల్లర లేనామె. నాలుగోవాడు డిపో మేనేజరు. ఇనప కుర్చీలోంచి లేవడు. కుర్చీతో సహా ఈడ్చుకుంటూ వచ్చి ఇనప స్తంభంతో మోదుతాడు.

వీటికో గైడు కూడా ఉంది. ఇంటర్నెట్టులో దొరికితే కూతురు ప్రింటు తీయించి, జిరాక్సు షాపులో స్పైరల్ వేయించి ఇచ్చింది. ఏ బాసు ఎప్పుడు కొడతాడు, ఎటు తప్పుకోవాలి, ఎక్కడ పొడవాలి అన్నీ ఇంగ్లీషులో రాసుంది. మార్జిన్ల నిండా అత్తగారి తెలుగు.

ఆవిడ ఆడేది పగలు, ఇద్దరూ పనుల్లోకి వెళ్లాక. రాత్రి భోజనాల దగ్గర ఆ యుద్ధవార్తలు వినిపిస్తారు. “ఇవాళ డిపో మేనేజరుని పంపించేశాను. కుర్చీతో సహా దొర్లించాను,” అన్న రోజు అద్దాలాయనకి మింగుడు పడలేదు. కుర్చీలో కూర్చున్నవాణ్ణే దొర్లించిన మనిషికి సోఫాలో కూర్చున్నవాడెంత?

సరే. ఆవిడ చెల్లెలికి కంటి ఆపరేషను జరిగితే సాయం ఉండి వస్తానని తొమ్మిది రోజులకి బట్టలు సర్దుకుని వెళ్లారు. మర్నాడు షాపుకి సెలవు. భార్య ల్యాబుకి వెళ్లింది. ఇంట్లో ఆయనా, నిశ్శబ్దమూ.

ఆయన ఉద్దేశం దుమ్ము తుడవడం మాత్రమే. తుడుస్తుంటే పెట్టె మీద లైటు వెలిగింది. టీవీ పెడితే కోట కనబడింది. ఇన్నాళ్లూ వినడమే గాని ఆ చెకింగాయన ఎలా ఉంటాడో చూసింది లేదు. పగటిపూట, కిటికీలు తెరిచి ఉన్నాయి, ఒక్కసారి చూసి ఆపేస్తే ఏం పోయింది? తెర మీద రెండు దారులు. ఒకటి, పాత ఆట కొనసాగించడం. రెండు, కొత్త ఆట. పాతది అత్తగారిది. దాన్ని ముట్టుకుని ఏదైనా పాడైతే? అందుకని ఎంతో జాగ్రత్తగా, కొత్త ఆట నొక్కాడు.

తెర మీద ఇంగ్లీషులో ఏదో నాలుగు లైన్ల ప్రశ్న వచ్చింది. షాపులో బిల్లు కొట్టే కంప్యూటరు కూడా ప్రతి దానికీ ఇలాగే ఏదో అడుగుతుంటుంది. అందరూ చదవకుండా సరే అంటారు. ఈయనా సరే అన్నాడు.

చెకింగాయన్ని చూడనైతే చూశాడు. చీకట్లో లాంతరు వెలగ్గానే చేతిలోంచి జాయ్‌స్టిక్ ఎగిరి పడింది, ఆయన సోఫా వెనక తేలాడు. కాసేపటికి గుండె కుదుటపడ్డాక, ఇక చాలు బాబూ అనుకుని మొదటి తెరకి వచ్చి, అత్తగారి ఆట క్షేమంగా ఉందో లేదో చూద్దామని కొనసాగించు అన్నది నొక్కాడు. లాంతరు. పొడుగు కోటు. మొదటి తలుపు. ఆపి మళ్లీ నొక్కాడు. మొదటి తలుపే. గైడు మొదటి పేజీ తిరగేస్తే, ఆ ఆటలో ఆడిందంతా దాచుకోవడానికి ఉన్న చోటు ఒక్కటేననీ, కొత్తది మొదలుపెడితే పాతది చెరిగిపోతుందనీ, ఆ నాలుగు లైన్లలో రాసుంది అదేననీ తెలిసేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. కిటికీలోంచి ఎండ పడుతూనే ఉంది. ఆయనకి మాత్రం వెన్నులోంచి చలి పుట్టింది.

సాయంత్రం భార్య వచ్చేసరికి కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాడు. విషయం విని ఆవిడ చెప్పు విప్పుకుంటూ అలాగే ఒంటికాలి మీద నిలబడిపోయింది. ఫోను చేసి చెప్పేయమంది. నువ్వు చెప్పు అన్నాడు. పోగొట్టింది మీరైతే నేనెందుకు చెప్పాలి, నాకు మా నాన్న కథ తెలుసు అంది. అప్పుడాయన జీవితంలో మొదటిసారి ఓ సాహసం ప్రకటించాడు.

“ఇంకా ఎనిమిది రోజులుంది. మళ్లీ ఆడి, అత్తయ్యగారు ఎక్కడ ఆపారో అక్కడ పెట్టేస్తాను.”

“మీరా?” అంది భార్య. ఆ ఒక్క మాటలో పెళ్లినాటినుంచి చూసిన సినిమాలన్నీ ఉన్నాయి.

చీటీ సిద్ధం చేసుకున్నాడు. అత్తగారు భోజనాల దగ్గర చెప్పినవన్నీ గుర్తు చేసుకుని ఓ కాగితం మీద రాశాడు. ఆటలోని మనిషికి ఖాకీ రంగు అంగీ. చేతిలో పొట్టి కత్తి. నాలుగు తలుపులు తెరిచి ఉండాలి. ఐదో తలుపు ముందు చలిమంట దగ్గర నిలబడి ఉండాలి. రాసుకున్న దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. షాపులో అయితే ఇక చక్రం తిప్పడమే.

పొద్దున్న షాపుకి వెళ్లబోయే ముందు గంటన్నర, సాయంత్రం వచ్చాక రెండు గంటలు. భార్య పక్కన కూర్చుని గైడు చదువుతుంది. ఆవిడ రక్తపరీక్షల రిపోర్టు చదివినట్టే చదువుతుంది, మంచికీ చెడ్డకీ ఒకటే గొంతు. “లాంతరు పైకెత్తుతాడు. రెండు లెక్కపెట్టండి. ఎడమవైపు దొర్లండి. దొర్లలేదు. పోయారు.”

తెరంతా ఎర్రబడి, మనిషి కుప్పకూలుతాడు. కూలినప్పుడల్లా ఆయన గుండె కూడా కూలేది. చెకింగాయన వచ్చే ముందు సంగీతం ఆగిపోతుంది. ఆ ఆగడమే ఆయనకి భరించరానిది. ముచ్చెమటలు పట్టి జాయ్‌స్టిక్ జారిపోతుంటే తువ్వాలు చుట్టుకుని పట్టుకున్నాడు. మూడో రోజుకి వీధిలో ఎవరైనా టార్చిలైటు వేస్తే ఎడమవైపు తప్పుకోవడం మొదలైంది. ఒకసారి అలా తప్పుకోబోయి పాలవాడి సైకిలుకి తగిలాడు.

కాని ఒక సంగతి చెప్పాలి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. ధైర్యవంతులైతే సొంత తెలివి చూపిస్తారు. రెండు లెక్కపెట్టమంటే ఒకటిన్నరకే దూకుతారు. ఈయన ప్రాణం పోతున్నా రెండంటే రెండే. వణుకుతూనే లెక్కపెట్టాడు, ఏడుపు గొంతుతోనే దొర్లాడు. అలా చెకింగాయన మూడో రోజు, కవలలు నాలుగో రోజు, చిల్లర లేనామె ఐదో రోజు పొద్దున్న కాఫీ చల్లారేలోపు పడిపోయారు. ఆ పూట షాపుకి నడుస్తూ కుక్కని చూసి కూడా వీధి మారలేదు. మారడం మరిచిపోయాడు అంటే సరిగ్గా ఉంటుంది.

ఐదో రోజు సాయంత్రం డిపో మేనేజరు.

గైడులో నాలుగో అధ్యాయం తెరిస్తే అది పుస్తకంలా లేదు, ముసురులో తడిసిన బస్సు టికెట్ల కట్టలా ఉంది. మూలలు నలిగిపోయాయి. పేజీల మీద టీ గ్లాసు గుండ్రాలు. మార్జిన్లో అత్తగారి రాత ఎక్కువై అచ్చు కనిపించడం లేదు. “రెండు కాదు.” కింద, “మూడా? కాదు.” దాని కింద, “ఒక్కోసారి ఒక్కోలా. వీడి దుంప తెగ.” ఆ కింద పెన్ను గుచ్చుకుని కాగితం చిరిగింది. ఐదో అధ్యాయం మాత్రం తళతళలాడుతోంది. ప్రింటు తీసినరోజు అంటుకున్న పేజీలు అంటుకున్నట్టే ఉన్నాయి.

భార్య ఆ పేజీలకేసి చూసింది. భర్తకేసి చూసింది. పెదవి కొరుక్కుంది.

“చూశావా,” అన్నాడు అద్దాలాయన భక్తిగా. “ఐదోవాడికి అత్తయ్యగారు పుస్తకమే తెరవలేదు. అంత ధైర్యం.”

ఆవిడ చదవడం మొదలుపెట్టింది.

డిపో మేనేజరు దగ్గర పుస్తకం పనిచేయలేదు. కుడి భుజం లేస్తుంది, రెండు లెక్కపెట్టాలి అని ఉంది. లెక్కపెడితే ఒకటికే స్తంభం నెత్తిన పడుతుంది. ఇంకోసారి నాలుగైనా పడదు, పడలేదే అని తల ఎత్తితే పడుతుంది. చీటీ తప్పయితే అద్దాలాయన దగ్గర వేరే విద్య లేదు. ఐదో రోజు తొమ్మిదిసార్లు పోయాడు. ఆరో రోజు పదహారుసార్లు. ఆ మొహం కూడా మామూలు మొహం కాదు. ఇనప తొడుగు వెనక రెండు కళ్లు, అచ్చం పదకొండు నెలలు మాట్లాడని మనిషి కళ్లు. ముందు వీడు, వెనక అత్తగారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్న సామెత చెప్పినవాడికి ఇలాంటి అత్తగారు ఉండే ఉంటారు.

షాపులో ఎవరైనా కుర్చీ జరిపితే ఉలిక్కిపడుతున్నాడు. అన్నం సగంలో వదిలేస్తున్నాడు. ఏడో రోజు పొద్దున్న అత్తగారు ఫోను చేసి, “నా పెట్టె మీద దుమ్ము తుడుస్తున్నారా?” అని కూతుర్ని అడిగారు. మామూలుగా అడిగిన మాటే. తేలు కుట్టిన దొంగలా ఆయన పక్క గదిలో గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

ఏడో రోజు సాయంత్రం ఇక ఆ మొహం చూడటం తన వల్ల కాలేదు. చిన్ననాటి ఉపాయం గుర్తొచ్చింది. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“అదేంటి?” అంది భార్య.

“కళ్లు మండుతున్నాయి.”

తెర మీద ఇప్పుడు డిపో మేనేజరు లేడు. బూడిదరంగు మచ్చ ఒకటి పెద్దదవుతోంది. అంతే. భుజం కనబడదు, స్తంభం కనబడదు. ఇక లెక్కపెట్టడానికేం లేదు. పోవడమే కదా, కనీసం చూడకుండా పోదామని కూర్చున్నాడు. చూపు లేకపోయేసరికి చెవులు విచ్చుకున్నాయి. కుర్చీ ఈడ్చుకొస్తున్న మోత. బరబరా, బరబరా. ఉన్నట్టుండి ఆ మోత సన్నబడింది. ఆయన బుర్ర ఇంకా భయపడుతూనే ఉంది, బొటనవేలు మాత్రం దానంతట అదే నొక్కింది. స్తంభం పక్కన పడింది.

అద్దం అరుగుతున్నప్పుడు చక్రం బొంగురుగా పలుకుతుంది. సరైన కొలతకి వచ్చే ముందు దాని గొంతు సన్నబడుతుంది. ఆ క్షణంలోనే చెయ్యి తీసేయాలి, ఇంకొంచెం ఆగితే అద్దం పాడు. ఇరవై రెండేళ్లుగా చెవి చెప్పడం, చెయ్యి తీయడం. మధ్యలో మనిషితో పని లేదు. ఈ కుర్చీ కూడా అంతే. దెబ్బ ఎప్పుడు పడుతుందో భుజం చెప్పదు, కుర్చీ కాళ్లు చెబుతాయి. అది గైడు రాసినవాడికి తెలియదు. వాడికి కళ్లు బాగా కనిపిస్తాయి కాబోలు.

ఆ సాయంత్రం ఇంకో పదిసార్లు పోయాడు. మర్నాడు సాయంత్రం, మొత్తం మీద నలభై ఒకటోసారి, మచ్చ ఒకవైపుకి ఒరిగి మాయమైంది. తలుపు తెరుచుకుంటున్న చప్పుడు విని కూడా నమ్మలేదు. “తెరుచుకుందా?” అని భార్యని మూడుసార్లు అడిగాడు. తర్వాత జోడు పెట్టుకుని చూశాడు. ఇంత పెద్ద ఇనప తలుపు, బార్లా. తన జీవితంలో తను తెరిచిన తలుపు అదొక్కటేనేమో అన్నట్టు కాసేపు అలాగే కూర్చున్నాడు.

తర్వాత ఖాకీ అంగీ మనిషిని ఐదో తలుపు ముందు చలిమంట దగ్గర నిలబెట్టి, ఆపేసి, జాయ్‌స్టిక్ వైరు ఎప్పటిలా ఎడమనుంచి కుడికి చుట్టి, గైడుని, దాని మీది సగం టీ గ్లాసు గుండ్రం బల్ల మీది మిగతా సగంతో కలిసేలా పెట్టాడు. అద్దం ఫ్రేములో కూర్చున్నట్టు కూర్చుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అత్తగారు వస్తారు. ఆ రోజు ఆయన చేతిలో ఇరవై రెండేళ్లలో మొదటిసారి అద్దం పుటుక్కుమంది. షాపు యజమాని ఒంట్లో బాగోలేదా అని అడిగి, ఇంటికి పొమ్మన్నాడు. ఇంటికి పొమ్మనకుండా ఉంటే బాగుండునని ఆయనకి తప్ప ఎవరికి తెలుసు? దారిలో ఉన్న నాలుగు బస్‌స్టాపుల్లోనూ కాసేపు కాసేపు కూర్చుని, సాయంత్రానికి చేరాడు.

అత్తగారు సోఫాలో ఉన్నారు. టీవీ ఆపేసి ఉంది. జాయ్‌స్టిక్ ఒళ్లో ఉంది. నల్లటి తెరకేసి చూస్తున్నారు. అల్లుడు గుమ్మంలో చెప్పులు విప్పితే తల తిప్పలేదు. వంటగదిలో భార్య గిన్నెల చప్పుడు కూడా చేయడం లేదు. మొదటి నెల మొదలైంది అనుకున్నాడు అద్దాలాయన.

“కూర్చోండి,” అన్నారు అత్తగారు. ముందుకు జరగమనలేదు. అదింకా భయం వేసింది.

కూర్చున్నాడు.

“నాలుగో తలుపు తెరిచి ఉంది,” అన్నారావిడ.

“మీరు తెరిచిందే కదండీ, అత్తయ్యగారూ.”

ఆవిడ మెల్లగా తిరిగి చూశారు. “వెటకారమా?”

గుమ్మడికాయల దొంగ అనకుండానే అద్దాలాయన భుజాలు తడుముకున్నాడు. ఇక ఆగలేదు. దుమ్ము తుడవడం దగ్గర మొదలుపెట్టాడు. మీది పాడవకూడదనే కొత్తది నొక్కానన్నాడు, ఆ నాలుగు లైన్లూ చదవలేదన్నాడు, ఉన్నదంతా చెరిగిపోతే మళ్లీ మొదటినుంచి ఆడి మీరున్న చోటికే తెచ్చి పెట్టానన్నాడు, ఖాకీ అంగీ కూడా మరిచిపోలేదన్నాడు. ఊపిరి అందక ఆగాడు.

“నేనున్న చోటు ఐదో తలుపని ఎవరు చెప్పారు మీకు?”

“మీరేనండీ. భోజనాల దగ్గర. డిపో మేనేజరుని కుర్చీతో సహా దొర్లించానన్నారు కదా.”

“అంటే నమ్మేశారా?”

“చీటీలో ఏముంటే అదేనండీ మాకు.”

అత్తగారి మొహంలో ఏదో కదిలింది. కోపం కాదు. అరవైమంది ప్రయాణికులు ఆ మొహంలో ఎన్నడూ చూసి ఉండనిది. ఆవిడ వంటగదివైపు ఓసారి చూసి గొంతు తగ్గించారు.

“మధ్యాహ్నం వచ్చి ఆట పెట్టాను. తలుపు తెరిచి ఉంది. నా ఆటలోనే మీరు ముందుకెళ్లి వాణ్ణి పడగొట్టారనుకున్నాను. నా బండారం బయటపడిందనుకున్నాను. అప్పట్నుంచి ఇలాగే కూర్చున్నాను, మీరొచ్చి ఏమంటారోనని. వాణ్ణి నేను పంపలేదండీ. ఏడు వారాలు కొట్టించుకున్నాను. రెండొందలు దాటాక లెక్క మానేశాను. ఒకరోజు ఏమైందని మీరిద్దరూ అడిగితే నోరు జారాను. జారాక వెనక్కి ఎలా తీసుకోను? స్టాపు దాటిపోయాక బెల్లు కొడితే బస్సు ఆగుతుందా?”

తనని చూసి ఒక మనిషి, అందులోనూ ఈ మనిషి, మధ్యాహ్నం నుంచి భయపడుతూ కూర్చుందన్న మాట అద్దాలాయనకి వెంటనే ఎక్కలేదు. ఎక్కాక దానికి కూడా ఆయనకి భయమే వేసింది. అలవాటు లేని పని.

“ఎలా పంపారు?” అన్నారావిడ.

పదేళ్ల వయసునుంచి ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. కళ్లజోడు తీసేస్తానండీ అన్నాడు. భయం వేసినప్పుడల్లా తీసేస్తాను, సినిమాల్లో కూడా అంతే. చక్రం గొంతు సన్నబడటం, కుర్చీ గొంతు సన్నబడటం, వేలు నొక్కడం అన్నీ చెప్పాడు. ఆవిడ నవ్వుతారనుకున్నాడు. ఆవిడ అచ్చం టికెట్టు నంబరు చూసినంత శ్రద్ధగా విన్నారు.

“కుర్చీ కాళ్లా,” అన్నారు. “ఏడు వారాలు భుజమే చూశాను.” తర్వాత ఇంకేదో తట్టినట్టు ఆగారు. “అయితే వాడు ఇక లేడన్నమాట. తలుపు తెరుచుకున్నాక మళ్లీ రాడుగా.”

“రాడండీ.”

“నేను వాణ్ణి పడగొట్టలేనన్నమాట.”

పోగొట్టింది ఆటనే అనుకున్నాడు ఇన్నాళ్లూ. తెచ్చి ఇచ్చేశాననీ అనుకున్నాడు. ఆవిడకి కావలసిందేదో అది తనే పడగొట్టేశాడు. అద్దాలాయన తల వంచుకున్నాడు. ఈసారి వేసింది భయం కాదు, అంతకంటే బరువైంది.

భార్య టీ పట్టుకొచ్చింది. రెండు గ్లాసులూ బల్ల మీద పెట్టి, గైడు చేతిలోకి తీసుకుంది. ఐదో అధ్యాయం అంటుకునే ఉందని తను ఐదో రోజే చూశానంది. తల్లి ఉరిమి చూశారు. భర్త అయోమయంగా చూశాడు. తెలిసి ఎందుకు చెప్పలేదని అడిగితే, మీరు ఎక్కడిదాకా వెళతారో చూద్దామనిపించింది అంది, రిపోర్టు చదివే గొంతుతోనే.

అత్తగారు టీవీ పెట్టారు. మొదటి తెర. రెండు దారులు. ఆవిడ వేలు రెండోదాని మీద ఆగింది. నాలుగు లైన్ల ప్రశ్న వచ్చింది.

“ఇదేం అడుగుతోంది?”

అద్దాలాయన ఈసారి చదివాడు. ఒక్కో మాటా చదివాడు. “ఇంతకుముందు ఆడిందంతా పోతుంది, మళ్లీ రాదు, సరేనా అంటోందండీ.”

“మీరు ఆడింది,” అన్నారావిడ. “నొక్కమంటారా?”

ఆ ప్రశ్న వెనక, మసకగా, చలిమంట కనబడుతోంది. దాని పక్కన ఖాకీ అంగీ మనిషి. ఆ వెనక బార్లా తెరిచిన నాలుగో తలుపు. ఎనిమిది రోజుల చెమట. కుక్కని చూసి వీధి మారడం మరిచిపోయిన ఒక పొద్దున్న. ఇంకెప్పటికీ ఎవరికీ చూపించలేడు. చూపించినా ఎవరు నమ్ముతారు?

ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“నొక్కండి, అత్తయ్యగారూ.”

తెర నల్లబడింది. కోట వచ్చింది. భార్య గైడు మొదటి పేజీ తిప్పుతున్న చప్పుడు. అడుగులు, రాతి మెట్లు, గాలి. ఆ తర్వాత సంగీతం ఆగింది. ఎక్కడో దూరంగా పసుపుపచ్చ మచ్చ ఒకటి వెలిగింది.

చెకింగాయన్ని అత్తగారు ఎప్పుడో, మోకాలి కట్టు విప్పకముందే పంపించారు. అది నిజమే. అయినా సరిగ్గా ఆ క్షణంలో ఎవరో అద్దాలాయన చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. జోడు లేకపోయినా ఎవరో తెలిసింది. తెలియనట్టే ఊరుకున్నాడు. తన కాళ్లు ఎప్పుడో సోఫా మీదికి చేరిపోయిన సంగతి ఆవిడ కూడా చూడనట్టే ఊరుకున్నారు.